వేళ్లు పాత దారినే నడుస్తున్నాయి

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది సఖినేటిపల్లి దగ్గర ఒక పల్లె. మావారు ఫోటోలు తీస్తారు. కంప్యూటర్ పని అంతా నాది. పదిహేడేళ్లుగా ఫోటోషాప్ 7 మీదే పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బంలు, పోయిన పెద్దల పటాలు చేస్తున్నాను. ఈ వేసవిలో ఆ కంప్యూటర్ పాడైపోయింది. పాత ప్రోగ్రాం సీడీ ఎక్కడుందో తెలియదు, ఉన్నా కొత్త కంప్యూటర్‌లో సీడీ పెట్టే చోటే లేదు. నెలనెలా డబ్బు కట్టే స్తోమత లేక, ఉచితంగా దొరికే గింప్ 3 అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రాం వేయించుకున్నాం. మూడు వారాలైంది. బ్రష్‌తో గీస్తే ఏమీ పడదు. ఒక్కోసారి ఫోటో మొత్తం పక్కకు జరిగి కింద గళ్లు కనిపిస్తాయి. నేను తెరవకుండానే ఒకే పెళ్లికూతురి ఫోటో అయిదారుసార్లు తెరుచుకుని ఉంటుంది. చెంప మీద మచ్చ తీయబోతే ముఖమంతా పులిమినట్లయింది. ఒక రాత్రి రెండు గంటలు చేసిన పనిని జేపెగ్‌గా సేవ్ చేయనివ్వలేదు. విసుగొచ్చి మూసేశాను, పని పోయింది. పాత అను ఫాంట్ల ఫైళ్ల నుంచి తెలుగు పేర్లు తెచ్చి పెడితే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. భీమవరంలో చదివే మా అమ్మాయి "అమ్మా, ఇది కూడా రాదా" అంటూ మౌస్ లాక్కుంటుంది. శ్రావణంలో ముహూర్తాలున్నాయి. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఇది నా వల్ల కాదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం అందిన రాత్రే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోటోషాప్‌లో మీరు నొక్కే అక్షరాలనే గింప్‌లో నొక్కుతూ ఒక పెళ్లి ఫోటో మీద పని చేశాను. పావుగంట గడవకముందే మీరు రాసినవన్నీ నా తెర మీదా జరిగాయి. ఫోటో పక్కకు జరిగింది, ముఖం పులుముకుపోయింది, ఒకే ఫోటో మళ్లీ మళ్లీ తెరుచుకుంది, చివరికి బ్రష్ పడటం మానేసింది. కాబట్టి మొదట ఈ మాట వినండి. మీకు పని రాకపోవడం వల్ల ఇవి జరగలేదు, పని బాగా వచ్చినందువల్లే జరిగాయి. పదిహేడేళ్లు ఒకే దారిన నడిచిన వేళ్లు, మీరు ఆలోచించేలోపే పాత అక్షరం నొక్కేస్తున్నాయి. ఆ అక్షరానికి గింప్‌లో వేరే పని ఉంది. అది ఆ పని చేసేస్తోంది.

ఒక్కొక్క ముడీ విప్పుకుందాం. ఫోటోషాప్‌లో ఫోటోలో కొంత భాగాన్ని దీర్ఘచతురస్రంగా సెలెక్ట్ చేయడానికి ఎం నొక్కేవారు. గింప్‌లో ఎం అంటే కదిలించే పనిముట్టు. మీరు సెలెక్షన్ గీస్తున్నాననుకుని మౌస్ లాగారు, ఫోటో ఉన్న లేయర్, అంటే పొర, కదిలి వెళ్లింది, ఖాళీ అయిన చోట గళ్లు బయటపడ్డాయి. మచ్చ తీయడానికి, పక్క చర్మాన్ని తెచ్చి దాని మీద అద్దే క్లోన్ స్టాంప్ కావాలని ఎస్ నొక్కారు. గింప్‌లో ఎస్ అంటే స్మడ్జ్, తడి రంగు మీద వేలితో రాసినట్లు రంగును సాగదీసే పనిముట్టు. పెళ్లికూతురి చెంప పులుముకుపోయింది అందుకే. గింప్‌లో క్లోన్‌కు అక్షరం సి. మీ చేతికి సి అంటే క్రాప్, ఫోటోను కత్తిరించేది. గింప్‌లో క్రాప్ కావాలంటే షిఫ్ట్-సి.

బ్రష్ పడకపోవడం మాత్రం ఇంత సూటి వ్యవహారం కాదు. మూడు పాత అలవాట్లు ఒకదాని మీద ఒకటి పడితే అది జరుగుతుంది. మీరు ఏదో చెరపాలని ఈ (E) నొక్కారు. ఫోటోషాప్‌లో ఈ అంటే రబ్బరు, గింప్‌లో గుండ్రంగా సెలెక్ట్ చేసే పనిముట్టు. చెరిపినట్లు మౌస్ కదిపితే ఏదో మూల కోడిగుడ్డంత సెలెక్షన్ పడింది, దాని చుట్టూ చుక్కల గీత చీమల బారులా కదలడం మొదలైంది. అది అక్కర్లేదని తీసేయడానికి మీ వేళ్లు అలవాటుగా కంట్రోల్-డి నొక్కాయి. ఫోటోషాప్‌లో దానితో సెలెక్షన్ పోతుంది. గింప్‌లో కంట్రోల్-డి అంటే ఫోటోకు ఇంకో నకలు తీసి తెరవడం. మీరు తెరవని ఆ అయిదారు ఫోటోలు అలా వచ్చినవే. సెలెక్షన్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తరువాత సైజు మార్చాలని కంట్రోల్-టి నొక్కారు. గింప్‌లో కంట్రోల్-టి సెలెక్షన్ చుట్టూ ఉన్న ఆ చీమల బారును కనిపించకుండా చేస్తుంది. బారు మాయమైంది, సెలెక్షన్ ఉండిపోయింది. సెలెక్షన్ ఉన్నంతసేపూ బ్రష్ దాని లోపలే పడుతుంది, బయట ఎంత గీసినా పడదు. లోపల ఎక్కడో మీకు కనిపించదు. ప్రోగ్రాం చచ్చిపోయిందనిపించడంలో ఆశ్చర్యమేముంది? పైగా ఆ తరువాత బ్రష్ కోసం మీరు బి నొక్కితే గింప్‌లో అది పాత్, అంటే చుక్కలు కలిపే గీత, గీసే పనిముట్టు. నొక్కిన చోటల్లా చిన్న చుక్కలు పడతాయి. గింప్ బ్రష్‌కు అక్షరం పి.

ఇలా ఎప్పుడైనా బ్రష్ మొండికేస్తే కంట్రోల్-షిఫ్ట్-ఎ నొక్కండి. గింప్‌లో సెలెక్షన్ మొత్తం తీసేసేది అదే. తరువాత పైన వ్యూ మెనూలో షో సెలెక్షన్ పక్కన టిక్కు ఉందో లేదో చూడండి, లేకపోతే పెట్టండి. అప్పటికీ పడకపోతే కుడిపక్క లేయర్ల పట్టీలో ఏ లేయర్ మీద ఉన్నారో, దానికి ఎదురుగా కన్ను గుర్తు ఉందో, ఒపాసిటీ, అంటే ఎంత చిక్కగా కనిపించాలన్న అంకె, సున్నాకు పోయిందో చూడండి. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. గింప్‌లో ప్రతి లేయర్‌కూ సొంత గట్టు ఉంటుంది. పసుపు, నలుపు కలిసిన చుక్కల గీతగా అది కనిపిస్తుంది. మన వరిచేలకు గట్లున్నట్లే. ఫోటోషాప్‌లో లేయర్ ఎక్కడిదాకా ఉందన్న ఆలోచనే మీకు రానవసరం లేకపోయింది. ఇక్కడ చిన్న లేయర్ మీద ఉండి గట్టు అవతల గీస్తే పడదు. లేయర్ మెనూలో లేయర్ టు ఇమేజ్ సైజ్ నొక్కితే గట్టు ఫోటో అంచుల దాకా జరుగుతుంది.

మీరు రాయకపోయినా, మిమ్మల్ని ఇంకొకటి ఇబ్బంది పెడుతూ ఉండాలి. మీ ఫోటోషాప్ 7లో కంట్రోల్-జెడ్ ఒకసారి నొక్కితే చేసిన పని పోతుంది, మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది. రీటచింగ్ చేసే వాళ్లందరం మచ్చ తీశాక టకటకా రెండుసార్లు నొక్కి ముందెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని పోల్చుకునేవాళ్లం. గింప్‌లో రెండుసార్లు నొక్కితే రెండడుగులు వెనక్కు పోతారు. తిరిగి ముందుకు రావడానికి కంట్రోల్-వై. మీరు పోల్చుకుంటున్నానని అనుకున్న ప్రతిసారీ తీసిన మచ్చలు తిరిగి వచ్చి ఉంటాయి.

ఇక, షార్ట్‌కట్లన్నీ ఫోటోషాప్ లాగే మార్చేసుకోవచ్చు కదా అని ఎవరైనా మీకు చెప్పవచ్చు. ఫోటోగింప్ అని ఉచితంగా దొరికే ఏర్పాటు ఒకటి ఉంది. గింప్ మీద దాన్ని వేస్తే పనిముట్ల అమరిక, అక్షరాలు ఫోటోషాప్‌ను పోలి ఉంటాయి. నేను దాన్ని మీకు వద్దనే చెబుతాను. పై రూపం మారుతుంది, లోపలి నడక మారదు. క్లోన్ చేసేటప్పుడు నమూనా తీసుకోవడానికి ఫోటోషాప్‌లో ఆల్ట్ పట్టుకుని నొక్కుతాం, గింప్‌లో కంట్రోల్ పట్టుకుని నొక్కాలి. లేయర్ గట్లు ఉంటాయి. సేవ్ పద్ధతి వేరు. సగం పోలిక ఉన్నచోట మనిషి ఎక్కువ తడబడతాడు. పైగా మీరు రేపు ఏ పాఠం చూసినా, ఎవరిని అడిగినా, వాళ్లు గింప్ సొంత అక్షరాలే చెబుతారు.

రెండింటిని మాత్రం ఈ రోజే మార్చండి. ఎడిట్ మెనూలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరవండి. సెలెక్ట్ విభాగంలో నన్ (None) అనే దానికి కంట్రోల్-డి ఇవ్వండి. అది ఇప్పటికే వేరే పనికి ఉందని హెచ్చరిస్తుంది, అయినా మార్చమని చెప్పండి. తరువాత పనిముట్లలో యూనిఫైడ్ ట్రాన్స్‌ఫాం దగ్గరకు వెళ్లి కంట్రోల్-టి ఇవ్వండి. మీ ఫ్రీ ట్రాన్స్‌ఫాంకు ఇక్కడ దగ్గరి చుట్టం అదే. సైజు, తిప్పడం, వంచడం అన్నీ దానిలోనే అవుతాయి. ఈ రెండే ఎందుకంటే, మిగిలిన అక్షరాలు తప్పు నొక్కితే వేరే పనిముట్టు చేతికొస్తుంది, అది కంటికి కనిపిస్తుంది, సరిదిద్దుకుంటారు. ఈ రెండూ తప్పు నొక్కితే మీకు కనిపించని చోట ఏదో జరిగి, అరగంట తరువాత బయటపడుతుంది. అలాంటి వాటినే అడ్డుకోవాలి. మిగతావి వేళ్లకు నేర్పుదాం.

పేరు తెలిసి చోటు తెలియనప్పుడు మెనూలన్నీ గాలించకండి. కీబోర్డు మీద ఏటవాలు గీత, అంటే స్లాష్, ఒక్కటి నొక్కండి. చిన్న వెతుకుడు పెట్టె తెరుచుకుంటుంది. దానిలో బ్లర్ అనో, క్రాప్ అనో, స్కేల్ అనో కొడితే ఆ పేరున్నవన్నీ వరుసగా వస్తాయి. పదిహేడేళ్ల పనిలో మీకు పేర్లన్నీ వచ్చు. ఆ విద్య ఇక్కడ నేరుగా అక్కరకు వస్తుంది.

ఇప్పుడు పోయిన రెండు గంటల పని. అది తిరిగి రాదు, చెల్లెమ్మా. చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. అలాంటిది ఇంకోసారి జరగకూడదు కాబట్టి దీన్ని గట్టిగా పట్టుకోండి. గింప్‌లో 2012లో వచ్చిన 2.8 నుంచి సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు. సేవ్ అంటే ఎక్స్‌సీఎఫ్ అనే తన సొంత ఫైలుగా దాచుకోవడం. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఎక్స్‌సీఎఫ్ అన్న మూడక్షరాలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలోని విద్యార్థుల కంప్యూటర్ బృందం పేరు నుంచి వచ్చాయి. 1995లో గింప్‌ను మొదలుపెట్టింది ఆ బృందంలోని ఇద్దరు విద్యార్థులే.

స్టూడియో మనిషికి ఈ తేడా చెప్పడం తేలిక. ఎక్స్‌సీఎఫ్ మీ నెగటివ్. జేపెగ్ మీరు చేతికిచ్చే ప్రింటు. నెగటివ్‌లో లేయర్లు, అక్షరాలు, సెలెక్షన్లు అన్నీ విడివిడిగా ఉంటాయి. ప్రింటులో అన్నీ కలిసి అతుక్కుపోతాయి. మన పాత రోజుల్లో నెగటివ్ లేకుండా ప్రింటు ఒక్కటే ఉంచుకున్న స్టూడియో ఉందా? అందుకని ఫోటో తెరవగానే, ఇంకా ఏమీ చేయకముందే, కంట్రోల్-ఎస్ నొక్కి, ఫోటో ఎవరిదో వాళ్ల పేరుతో ఎక్స్‌సీఎఫ్ చేసేయండి. తరువాత ప్రతి అయిదు నిమిషాలకూ కంట్రోల్-ఎస్. గింప్ తనంతట తాను సేవ్ చేస్తూ పోదు. మన లంకల వైపు కాస్త ఈదురుగాలి వీచి కొబ్బరి మట్ట తీగ మీద పడితే కరెంటు పోతుందని మీకు నేను చెప్పాలా? ప్రింట్లు వేసే ల్యాబుకు పంపేటప్పుడు కంట్రోల్-షిఫ్ట్-ఈ నొక్కి, పేరు చివర చుక్క పెట్టి జేపీజీ అని రాయండి. దిద్ది మళ్లీ పంపాల్సి వస్తే కంట్రోల్-ఈ చాలు, అదే పేరు మీద కొత్తది పడుతుంది. ఫైల్ మెనూలో ఓవర్‌రైట్ అని ఒకటి కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫోటో మీదే రాసేస్తుంది.

తెర అమరిక గురించి ఎక్కువ చెప్పను. పనిముట్లు ఒకదాని వెనక ఒకటి గుంపులుగా దాగి ఉండటం కొత్తవారిని తికమక పెడుతుంది. ప్రిఫరెన్సెస్‌లో టూల్‌బాక్స్ దగ్గర యూజ్ టూల్ గ్రూప్స్ టిక్కు తీసేస్తే అన్నీ బయటకు వస్తాయి. అక్కడే ఇంటర్‌ఫేస్ విభాగంలో బొమ్మల సైజు పెంచుకోండి. మన వయసు కళ్లకు అది అవసరం. పక్క పట్టీలన్నీ ఒక్కసారిగా మాయమైతే కంగారు పడకండి, ట్యాబ్ కీ తగిలి ఉంటుంది. మళ్లీ ట్యాబ్ నొక్కితే వస్తాయి.

వయసు మాట ఎత్తారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చింది తణుకులో ఒక స్టూడియోలో. అప్పటికి కంప్యూటర్లు లేవు. నెగటివ్‌ను వెలుతురు పెట్టె మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది మచ్చలు పూడ్చేవాళ్లం. మా గురువుగారు ఆ పనిలో దిట్ట. స్టూడియోలోకి కంప్యూటర్ వచ్చేనాటికి ఆయనకు యాభై అయిదు దాటాయి. మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికేది. మాకు వారంలో వచ్చింది ఆయనకు రెండు నెలలు పట్టింది. కానీ ఆ రెండు నెలలు గడిచాక ఆయన చేసిన ముఖాలు చూస్తే మా పనికీ ఆయన పనికీ పోలికే లేదు. మేము మచ్చ కనిపిస్తే తీసేసేవాళ్లం. ఏది మచ్చో, ఏది ఆ మనిషి గుర్తో, ముక్కు పక్క నీడ ఎంత ఉంచితే ముఖం బల్లపరుపుగా మారదో ఆయనకు తెలుసు. పెన్సిల్ పోయినా ఆ చూపు పోలేదు. మీ పదిహేడేళ్లలో ఎక్కువ భాగం ఆ చూపే. ఫోటోషాప్ 7తో పాటు పోయింది నలభై యాభై అక్షరాల అలవాటు, అంతే.

అమ్మాయి గురించి. ఆమె చురుకైన పిల్ల అయ్యుంటుంది, సాయం చేయాలనే చేస్తోంది. అయితే మౌస్ లాక్కుని చేసి చూపిస్తే నేర్చుకునేది ఆమె చెయ్యే, మీది కాదు. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఒక కుర్చీ వేసి మీ వెనక కూర్చోమనండి. నోటితో ఎంతైనా చెప్పవచ్చు, మౌస్ ముట్టుకోకూడదు. ఈ ఒక్క షరతు పెట్టండి. మీరు తప్పు నొక్కిన ప్రతిసారీ పాత అక్షరం, కొత్త అక్షరం ఒక కాగితం మీద రాయమనండి. సాయంత్రానికి పది పన్నెండు పోగవుతాయి. ఆ కాగితాన్ని మానిటర్ అంచుకు అంటించండి. చేతికి వచ్చేసిన దాన్ని కొట్టేస్తూ ఉండండి. పుస్తకంలోని షార్ట్‌కట్ల పట్టీ కంటే ఇది మేలు, ఎందుకంటే దీనిలో ఉన్నవన్నీ మీ వేళ్లు చేసిన తప్పులే.

ఇప్పుడు నడుస్తున్నది ఆషాఢం. గోదారికి ఎర్రనీరు తగిలింది, సార్వా నాట్ల హడావుడిలో ఊరు ఊరంతా చేలల్లో ఉంది, పెళ్లిళ్లు లేవు. స్టూడియోలకు ఇంత తీరిక మళ్లీ దొరకదు. ఈ నెలంతా వచ్చే పనినే పాఠంగా చేసుకోండి. అభ్యాసం కోసమని పూలూ సూర్యాస్తమయాలూ దిద్దుతూ కూర్చోవద్దు.

మొదటి వారం పాస్‌పోర్టు ఫోటోలు ఒక్కటే చేయండి. గల్ఫ్ వెళ్లేవాళ్లు, కాలేజీల్లో చేరే పిల్లలు, పింఛను కాగితాల కోసం వచ్చే ముసలివాళ్లు మీ వైపు ఎప్పుడూ ఉంటారు. షిఫ్ట్-సి నొక్కి, పనిముట్టు వివరాల పట్టీలో ఫిక్స్‌డ్ దగ్గర టిక్కు పెట్టి, నిష్పత్తి 35:45 అని కొట్టండి. ఇక ఎలా లాగినా చట్రం ఆ కొలతలోనే ఉంటుంది. కత్తిరించాక ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ తెరిచి, రిజల్యూషన్ 300 పెట్టి, వెడల్పు 413, ఎత్తు 531 పిక్సెళ్లు ఇవ్వండి. 35, 45 మిల్లీమీటర్లు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన అంతే అవుతాయి. నాలుగు ఆరు అంగుళాల షీటు 1200, 1800 పిక్సెళ్లు. పొడుగు వైపు నాలుగు ఫోటోలు పెడితే 1652, పొట్టి వైపు రెండు పెడితే 1062. ఎనిమిది ఫోటోలు సరిపోయి, కత్తెర తిరగడానికి చోటు కూడా మిగులుతుంది. ఖాళీ షీటును ఒకసారి గీతలు పెట్టి ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకుంటే రోజూ దాన్నే వాడుకోవచ్చు. గింప్ 3లో అతికించిన ఫోటో కొత్త లేయర్‌గా వస్తుంది, ఎం నొక్కి చోటికి జరపండి. ఎం అంటే కదిలించడమని మీ వేలికి నేర్పేది ఈ పనే. రోజుకు పది మంది ఫోటోలు చేస్తే వారం తిరిగేసరికి క్రాప్, స్కేల్, కదిలించడం, ఎక్స్‌పోర్ట్ మీ చేతికి వచ్చేస్తాయి. ఆలోచించనవసరం ఉండదు.

రెండో వారం పెద్దల పటాలు చేయండి. మడతలు పడిన, చెమ్మ పట్టి అంచులు తిన్న పాత ఫోటోలు మన నేలలో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వీటితో క్లోన్, మచ్చను పక్క రంగుతో కలిపి మాన్పే హీల్ రెండూ నేర్చుకోవచ్చు. హీల్‌కు అక్షరం హెచ్. రెండింటికీ నమూనా తీసుకోవడం కంట్రోల్ పట్టుకుని నొక్కడమే. బ్రష్ సైజు పెంచడానికి, తగ్గించడానికి చదరపు బ్రాకెట్ల కీలు ఇక్కడా పనిచేస్తాయి. ఇదొక్కటీ మీ వేళ్లు మార్చుకోనక్కర్లేదు. చర్మం మీద హీల్ వాడండి. కంటి అంచు, జుట్టు మొదలు, చీర జరీ అంచు దగ్గరకు వచ్చేసరికి క్లోన్‌కు మారండి. హీల్ పక్క రంగును కలుపుకుంటుంది కాబట్టి అంచుల దగ్గర మసక తెస్తుంది.

మూడో వారానికి మీకు ఒక సంతోషం దాచి ఉంచాను. ఫోటోషాప్ 7లో ఒకసారి బ్లర్ వేసి సేవ్ చేసి మూసేస్తే అది అంతే. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0 నుంచి బ్లర్ లాంటి చాలా ఫిల్టర్లు లేయర్ మీద అంటుకుపోవు, విడిగా ఉంటాయి. లేయర్ పక్కన చిన్న ఎఫ్ఎక్స్ గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఆ ఫిల్టర్‌ను మార్చవచ్చు, ఆపవచ్చు, తీసేయవచ్చు. ఎక్స్‌సీఎఫ్‌గా దాచి నెల తరువాత తెరిచినా ఆ వీలు ఉంటుంది. పెళ్లికూతురి తల్లి వచ్చి "ముఖం మరీ నున్నగా చేశారండీ, మా అమ్మాయిలా లేదు" అంటే, మొదటి నుంచి చేయనవసరం లేదు. ఆమె ఎదురుగానే తగ్గించి చూపించవచ్చు. మీకు ఇన్నేళ్లూ లేని సదుపాయం ఇది.

ఆల్బం షీట్లు చివర పెట్టుకోండి. పన్నెండు ముప్పై ఆరు అంగుళాల షీటు 300 లెక్కన 3600, 10800 పిక్సెళ్లు. అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. మామూలు ఫోటోలో కూడా షీటంత లేయర్ ఒక్కోటి సుమారు 155 మెగాబైట్ల మెమరీ పట్టుకుంటుంది. పది లేయర్లైతే గిగాబైటున్నర. కంప్యూటర్ మందగిస్తే తప్పు మీది కాదు. పని అయిపోయిన లేయర్లను కలిపేస్తూ పొండి, కలపకముందు ఇంకో పేరుతో ఒక ఎక్స్‌సీఎఫ్ దాచండి.

తెలుగు పేర్ల సంగతి. అను ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగే కానీ లోపల దాగి ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన పద్ధతి అది. ఆ ఫాంటు లేని చోట పెడితే ముసుగు తొలగి కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. గింప్‌లో యూనికోడ్ తెలుగు, అంటే లోపల కూడా తెలుగుగానే ఉండేది, చక్కగా కూర్చుంటుంది, ఒత్తులు, గుణింతాలు సరిగా పడతాయి. మీ పాత ఫోటోషాప్ 7లో ఈ పని కుదిరేది కాదు. విండోస్ సెట్టింగుల్లో తెలుగు భాష చేర్చుకుని ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు వస్తుంది. రామభద్ర, మండలి, గిడుగు, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శుభలేఖ తరహా శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" అని ఒక్కసారి కొత్తగా కొట్టి దాచుకోండి. పాత ఫైళ్లను మార్చే ప్రయత్నంలో పోయే సమయం కంటే అది తక్కువ.

మీ పాత హార్డ్ డిస్కు బతికి ఉంటే దానిలోని పీఎస్‌డీ ఫైళ్లు, అంటే ఫోటోషాప్ సొంత ఫైళ్లు, గింప్‌లో తెరుచుకుంటాయి. అన్నీ ఉన్నదున్నట్లు వస్తాయని అనుకోకండి. అసలు ఫైళ్లను ముట్టుకోకుండా, నకలు మీదే పని చేయండి.

ఇక శ్రావణం మొదటి ముహూర్తానికి వారం ముందు ఒక పని చేయండి. నిరుడు మీరు చేసిన ఆల్బంలో మీకు బాగా నచ్చిన షీటు ఒకటి తీసుకుని, అవే ఫోటోలతో గింప్‌లో మళ్లీ కట్టండి. జేపెగ్ చేసి, పంటు మీద గోదారి దాటి నరసాపురం వెళ్లి, మీరు ఎప్పుడూ వేయించే ల్యాబులోనే ప్రింటు తీయించండి. పాత షీటునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. చర్మం రంగులో, ఎరుపు చీర మీద, జరీ మెరుపులో తేడా కనిపిస్తే రెండు ప్రింట్లూ, ఆ ఎక్స్‌సీఎఫ్ ఫైలూ నాకు పంపండి. ఎక్కడ తేడా వచ్చిందో నేను వెతికి, ముహూర్తానికి ముందే మీకు రాస్తాను.